అద్దానికి తెలిసిన నాన్న

ఆ ఇంట్లో అందరికంటే ముందు నిద్రలేచేవి నాన్నగారి ముఖాలు. హాల్లో కిటికీ తీయగానే వెలుగు ఎదురుగోడ మీద పడేది. పై వరసలో పాతికేళ్ళ నాన్నగారు కళ్ళు తెరిచేవారు, నల్లటి మీసంతో, ప్రపంచాన్ని కొనేసి చిల్లర కోసం నిలబడ్డవాడిలా. కింది వరసల్లో ముప్ఫైల నాన్నగారు, నలభైల నాన్నగారు, యాభైల నాన్నగారు ఒకరి వెనక ఒకరు లేచేవారు. ఎవరింట్లోనైనా పొద్దున ఒక్కసారే తెల్లవారుతుంది. ఆయన జుట్టు మాత్రం ఆ గోడ పొడుగునా వరసగా తెల్లవారుతూ వచ్చింది.

ఆయన ముఖచిత్రాలు వేసే పనివాడు. ఊళ్ళో అందరూ ముఖాలాయన అనేవారు. ఎదుట కూర్చున్నవాళ్ళ బట్టతల మీద నాలుగు వెంట్రుకలు ఎక్కువ మొలిపించడం ఆయన చేతకాదు. ముఖస్తుతి తెలియకపోవడం వల్ల గిరాకీలు అప్పుడప్పుడు ముఖం చాటేసేవి. ఏడాదికొకసారి, పుట్టినరోజు నాడు మాత్రం, ఆయన అద్దం ముందు కూర్చుని తన బొమ్మ తానే వేసుకునేవారు. పొద్దున మొదలుపెడితే దీపాలు పెట్టేవేళకి లేచేవారు. ఆ గోడ ముందుకి వచ్చిన కొత్తవాళ్ళు తెలియకుండానే గొంతు తగ్గించి మాట్లాడేవారు.

ఆ రోజు మాత్రం వెలుగు వచ్చి, పలకరించడానికి ఎవరూ లేక, ఖాళీ గోడ మీద తచ్చాడింది. బొమ్మలున్న చోట్ల సున్నం తెల్లగా మిగిలింది. ముఖాలన్నీ ముందురోజే బస్టాపు దగ్గరున్న గ్రంథాలయం హాలుకి తరలిపోయాయి. సాయంత్రం ప్రదర్శన. ఆయన జీవితంలో ఇదే మొదటిది.

"చొక్కా అయిందా?" అన్నారు నాన్నగారు, మూడోసారి.

"బొత్తాం ఒక్కటే మిగిలింది. మీ కంగారుతో దాన్ని నా వేలికి కుట్టించకండి," అంది అమ్మ. ఆవిడ దర్జీ. ముందుగది ఆవిడ కుట్టుగది. ఇంట్లో మాటలు తెగినా, బట్టలు చిరిగినా అతికేది ఆవిడే.

అమ్మాయి బల్ల దగ్గర కాఫీ కప్పు పట్టుకుని, తాగడం మర్చిపోయి కూర్చుంది. ఆమె గ్రాఫిక్ డిజైనరు. సబ్బు పెట్టెల నుంచి బ్యాంకు బోర్డుల దాకా ఆమె చెయ్యి పడ్డవి ఊళ్ళో చాలా ఉన్నాయి. చిన్నప్పుడు నాన్న పక్కన కూర్చుని రంగులు కలిపిన పిల్లే. పెద్దయ్యాక బ్రష్షు పక్కన పెట్టి కంప్యూటరు ముందు కూర్చుంది. అప్పటినుంచి ఆయన ఎవరొచ్చినా ఒకే మాట చెప్పేవారు: "దీనికి నా పోలిక ఒక్కటీ రాలేదు." నవ్వుతూనే అనేవారు. వినేవాళ్ళూ నవ్వేవారు. ఆమె ఒక్కతే నవ్వేది కాదు.

ఈ ప్రదర్శనకి పోస్టరు చేసే పని మాత్రం ఆయన ఆమెకి ఇచ్చారు. తన పని ఆమె చేతిలో పెట్టడం అదే మొదలు. ఆమె దాన్ని ఎవరికీ చూపించకుండా చేసి, నేరుగా అచ్చుకిచ్చింది. రాత్రి దాన్ని గ్రంథాలయం పక్కగోడకి కట్టారు. నాన్న దాన్ని చూసి ఏమంటాడో, ఆ ఒక్క మాట కోసమే ఆమె కాఫీ చల్లారిపోతోంది.

ఇంతలో బాబాయి వచ్చాడు. ఆయన అచ్చాఫీసులో తప్పులు దిద్దే ఉద్యోగి. చెప్పులు విడవకముందే మొదలుపెట్టాడు.

"అన్నయ్యా, నిన్ను నువ్వు చూసుకున్నావా?"

"రోజూ చూసుకుంటున్నాను. ఏం?"

"అద్దంలో కాదయ్యా, బస్టాపు దగ్గర. రెండంతస్తుల ఎత్తున్నావు. బస్సు బస్సంతా నీకేసి చూసింది. డ్రైవరూ చూశాడు. ఎర్రలైటు పడబట్టి బతికిపోయాం."

"బాగుందా?" నాన్నగారు అక్కర్లేనట్టు అడిగారు. పెదాలు మాత్రం నవ్వడానికి సిద్ధంగా ఉన్నాయి.

"బాగుండడమా? నేను తప్పులు దిద్దుకుని బతికేవాణ్ణి, అబద్ధం చెప్పను. ఇన్నాళ్ళూ నీ బొమ్మల్లో ఎక్కడో ఒక అచ్చుతప్పు ఉన్నట్టుండేది. పట్టుకుందామంటే దొరికేది కాదు. ఇది మాత్రం అచ్చంగా నువ్వే."

అమ్మ చేతిలో సూది ఆగింది. నాన్నగారి ముఖంలో సంతోషం సగం దూరం వచ్చి నిలబడింది.

"ఇన్నాళ్ళూ అంటే?"

"ఇన్నాళ్ళూ అంటే ఇన్నాళ్ళూ," అన్నాడు బాబాయి, ఇరుక్కున్నానని తెలిసి. "వదినా, కాఫీ ఉందా?"

నాన్నగారు చెప్పులు వేసుకున్నారు. అమ్మాయి వెంట నడిచింది. మందుల షాపు, సైకిళ్ళు బాగుచేసే కొట్టు దాటి మలుపు తిరిగాక ఆయన ఆగిపోయారు.

గ్రంథాలయం పక్కగోడ మొత్తం ఆయన చివరగా వేసుకున్న ముఖమే. నుదుటి మీద ముడతలు ఎండలో పొలం గట్లలా కనబడుతున్నాయి. బ్రష్షు వెంట్రుక ఊడి రంగులో అంటుకుపోయిన గుర్తు కూడా జానెడు పొడుగున తెలుస్తోంది. బస్టాపులో జనం మెడలెత్తి చూస్తున్నారు. ఒక ముసలాయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు, ఎందుకో ఆయనకే తెలిసినట్టు లేదు. కూతురూ మెడెత్తి చూసింది. నాన్న రంగులో ఇంత ఉందని, దాన్ని పెద్దది చేసిన తనకే అప్పటిదాకా తెలియదు.

నాన్నగారు చాలాసేపు చూశారు. తల ఒకవైపు వంచారు. ఇంకోవైపు వంచారు.

"ఎవరది?"

"అదేంటి నాన్నా. నువ్వే."

"నేనెవరో నాకు తెలియదా? రంగు నాది. గీత నాది. ముఖం నాది కాదు." ఆయన గొంతు చాలా మెల్లగా ఉంది. "నా చొక్కా ఎవరో తొడుక్కుని నిలబడ్డట్టుంది. ఏం చేశావు?"

"తిప్పాను. కుడిది ఎడమకి. అంతే."

"నా సంతకం ఏది?"

"బొమ్మ తిప్పితే అక్షరాలు తిరగబడతాయి కదా. అందుకని తీసేశాను."

ఆయన వెనక్కి తిరిగి ఇంటికేసి నడిచారు. సైకిళ్ళ కొట్టు దగ్గర ఒక్కసారి ఆగి, "సాయంత్రం నేను రాను," అన్నారు.

ఇంటికొచ్చేసరికి అమ్మ కుట్టుగదిలో చొక్కా ఇస్త్రీ చేస్తోంది. బాబాయి మూల స్టూలు మీద రెండో కాఫీ తాగుతున్నాడు. నాన్నగారు లోపలికి వెళ్ళకుండా అక్కడే నిలబడ్డారు. అమ్మాయి గుమ్మంలో ఆగింది.

"చూశారా?" అంది అమ్మ.

"చూశాను. నీ కూతురు నన్ను దిద్దింది. కంప్యూటరు ఎలుకతో పని చేసేవాళ్ళు ఎక్కడో ఒకచోట కొరక్కుండా ఉంటారా."

"ఒక్క గీత కూడా మార్చలేదు నాన్నా. ముఖం తిప్పానంతే."

"ముఖం తిప్పుకోవడం నీకు కొత్తా? రంగులకి తిప్పుకున్నావు. బ్రష్షుకి తిప్పుకున్నావు. ఇక మిగిలింది నాదేగా."

బాబాయి నవ్వబోయి, కాఫీలోకి నవ్వుకున్నాడు.

"ఎందుకు తిప్పానో చెప్పనీ," అంది అమ్మాయి. "పోస్టరులో అక్షరాలు ఒక పక్కన ఉన్నాయి. నీ బొమ్మ రెండో అంచుకేసి చూస్తోంది, వచ్చినవాళ్ళని వదిలేసి వెళ్ళిపోతున్నవాడిలా. చూసేవాళ్ళ కన్ను బొమ్మ కన్ను వెంబడే పోతుంది. బొమ్మ అక్షరాలకేసి చూస్తే వాళ్ళూ చదువుతారు. మా పనిలో ఇది మొదటి పాఠం."

"నా పనిలో మొదటి పాఠం చెప్పనా? కూర్చున్న మనిషిని అడక్కుండా కదపకూడదు."

అమ్మ చొక్కాని రెండోవైపు తిప్పింది.

"అది నా తప్పే," అంది అమ్మాయి. "అడగాల్సింది. అడిగితే వద్దంటావని భయమేసింది. ఇన్నాళ్ళకి ఒక పని ఇచ్చావు. పూర్తిచేసి చూపిద్దామనుకున్నాను."

ఆ మాట ఆయనని తాకకపోలేదు. కానీ కోపం ఒక్కసారి మెట్లు దిగడం మొదలుపెడితే మధ్యమెట్టు మీద ఆగదు. ఆయన కుట్టుమిషను మీదున్న చిన్న అట్టముక్క తీశారు. కూతురి విజిటింగ్ కార్డు. సొంతంగా పని మొదలుపెడదామని ఈమధ్యే చేయించుకుంది. దాని మీద పేరుకంటే ముందు ఆమె లోగో ఉంది: పైకి లేచిన ఒక వంపు గీత, దాని కింద ఒక చుక్క.

"ఇది దీని సొంత బొమ్మట. ముఖం అడిగితే కామా చూపించింది. నేను ఏడాదంతా ఆగి, రోజంతా అద్దం ముందు కూర్చుని నన్ను నేను వెతుక్కుంటాను. ఇది అరగీతలో సరిపెట్టేసుకుంది. పోలిక రాలేదంటే అందరూ నన్నంటారు."

అమ్మాయి ఆ కార్డు ఆయన చేతిలోంచి తీసుకోలేదు. కళ్ళలో నీళ్ళు నిండాయి.

"నేనూ వెతుక్కున్నాను నాన్నా. నా ఫోటో ముందు పెట్టుకుని ఒక్కొక్కటీ చెరిపేసుకుంటూ పోయాను. జుట్టు తీసేశాను. ముక్కు తీసేశాను. నోరు తీసేశాను, అమ్మ కూడా సంతోషించేది. ఏది తీసేస్తే నేను కాకుండా పోతానో చూద్దామని. చివరికి, కంటిని కూడా చుక్క చేశాక, ఆ కుడి కనుబొమ ఒక్కటే మిగిలింది. అది తీస్తే ఎవరూ లేరు. నువ్వు అద్దుకుంటూ వెతికావు. నేను తుడుచుకుంటూ వెతికాను. ఇద్దరం వెతికింది ఒకటే కదా."

 జవాబు దొరకనప్పుడు నాన్నగారు మాట మార్చరు, మనిషిని మారుస్తారు. తమ్ముడి మీద పడ్డారు.

"నీకు ఆ పోస్టరు నచ్చిందన్నావే. కళ్ళద్దాలు మార్పించుకో."

"కళ్ళద్దాల తప్పు కాదండీ," అంది అమ్మ. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. "పొద్దున నేను కూడా పాలకి వెళ్ళినప్పుడు చూశాను. అది మీరే."

"నువ్వు కూడానా? ఇన్నేళ్ళూ ప్రతి బొమ్మా చూసి బాగుంది బాగుంది అన్నావు."

"బాగుందన్నాను. మీరని అనలేదు."

బాబాయి కప్పు కింద పెట్టేశాడు.

"ఏటా మీ పుట్టినరోజుకి మీ అన్నగారెవరో వచ్చి గోడ మీద కూర్చున్నట్టుండేది," అంది అమ్మ. "మంచాయనే. కళ్ళూ మీవే, దిగులూ మీదే. కానీ నేను కాపురం చేస్తున్నది ఆయనతో కాదు. ఏం తేడానో నాకూ అంతుపట్టలేదు. ఒక్కటి తెలుసు. మీ కుడిభుజం కాస్త దిగి ఉంటుంది. మీకు కుట్టిన ప్రతి చొక్కాకీ అటువైపు దించే కుట్టాను. బొమ్మల్లో మాత్రం ఎప్పుడూ ఎడమభుజం దిగి ఉండేది. బొమ్మలో అలాగే వేస్తారు కాబోలనుకుని ఊరుకున్నాను."

"అద్దం కుడి ఎడమలు మారుస్తుంది. ఆ మాత్రం నాకు తెలియదా?"

"తెలిసీ అలా ఎందుకు వేశారు?"

నాన్నగారు చేతిలో ఉన్న కార్డుని అటూ ఇటూ తిప్పారు. "నాకు కనిపించేవాడు వాడే," అన్నారు చివరికి. "వాడే నేను."

"మరి ఫోటోల్లో?"

"ఫోటోల్లో నేను సరిగ్గా పడను. కెమెరాకీ నాకూ మొదట్నించీ పడదు."

అది నిజమే. పెళ్ళి ఫోటో చూసి కూడా ఆయన ఫోటోగ్రాఫరునే తప్పుపట్టారు. తర్వాత ఏ ఫోటోలోనూ నిలబడలేదు. ఊళ్ళోవాళ్ళ ముఖాల్లో మొటిమ కూడా వదలని కన్ను, తన ముఖం విషయంలో ఒక్క అద్దాన్నే సాక్షిగా నమ్ముకుంది. ఆ సాక్షి అబద్ధం చెప్పలేదు. ఎదురుగా ఉన్నవాళ్ళు చూసేట్టు మాత్రం ఎప్పుడూ చూపించలేదు.

అమ్మాయి కళ్ళు తుడుచుకుని లోపలికి వచ్చింది. కుట్టుగదిలో, బట్టలు వేసుకుని చూసుకునేవాళ్ళ కోసం, కీలు మీద తెరుచుకునే రెండు రెక్కల అద్దం ఉంది. ఆమె ఒక రెక్కని లాగి, రెండూ కలిసి గదిమూలలా నిలబడేట్టు సర్దింది. మధ్య అతుకుకి ఎదురుగా బాబాయి స్టూలు లాక్కుని వేసింది. బాబాయి లేవక తప్పలేదు.

"ఇక్కడ కూర్చో నాన్నా. సరిగ్గా మూలలోకి చూడు. కోపం తర్వాత పడుదువుగాని."

ఆయన బిగుసుకునే కూర్చున్నారు. తలెత్తారు.

మూలలో ఒక మనిషి కూర్చుని ఉన్నాడు.

నాన్నగారు కుడిచెయ్యి ఎత్తారు. అద్దంలో మనిషి ఆయన చెయ్యి ఉన్నవైపు కాకుండా అవతలివైపు ఎత్తాడు, బల్లకి అటు కూర్చున్న మనిషి ఎత్తినట్టు. ఆయన తల తిప్పారు. వాడు ఎదురు దిక్కుకి తిప్పాడు. జీవితమంతా ఆయన ఎటంటే అటు వంగిన అద్దం మొదటిసారి తన సొంత మనిషిని చూపించింది. ఆయన ఊపిరి బిగబట్టారు. ఎదుటివాడూ బిగబట్టాడు. ఎన్నో వందల ముఖాలని గంటల తరబడి చూసిన ఆ కళ్ళు ఇంత కొత్త ముఖాన్ని ఎన్నడూ చూడలేదు. అలసటగా, దయగా, కాస్త మొండిగా ఉన్న ఒక పెద్దమనిషి. వీధిలో ఎదురైతే పిలిచి కూర్చోబెట్టి బొమ్మ వేయాలనిపించే ముఖం.

బాబాయి వంగి మూలలోకి తొంగి చూశాడు.  

"వీధిలో అందరూ నమస్కారం పెట్టేది ఈయనకా?" అన్నారు నాన్నగారు.

"ఈయనకే," అంది అమ్మ.

"నువ్వు ఇన్నేళ్ళూ వండిపెట్టింది?"

"ఈయనకే. గురక కూడా ఈయనదే."

ఆయన నవ్వారు. అద్దంలో మనిషి నవ్వు ఆయనకి తెలిసినవైపు కాకుండా ఇంకోవైపు పైకి లేచింది. నవ్వుతోపాటు ఒక కనుబొమ కూడా లేచింది. ఆయన నవ్వు అక్కడే ఆగిపోయింది.

కూతురు ఆయన భుజం వెనక నిలబడి ఉంది. అద్దం మూలలో ఇద్దరి ముఖాలూ ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. ఆమె కుడి కనుబొమ పుట్టినప్పటినుంచీ రెండోదానికంటే పైకి లేచి ఉంటుంది, ఎప్పుడూ ఏదో అడగబోతున్నట్టు. ఇప్పుడు అదే కనుబొమ, అదే వైపున, అదే వంపుతో, కింద ఆయన ముఖంలోనూ లేచి ఉంది.

ఆయన చేతిలో కార్డు ఇంకా అలాగే ఉంది. దాన్ని చూశారు. అద్దంలోకి చూశారు. మళ్ళీ కార్డుకేసి చూశారు.

"నువ్వు ఉయ్యాల్లో ఉన్నప్పుడు," అన్నారు, "నా బొమ్మలన్నీ ముందు పెట్టుకుని నీ ముఖంలో నన్ను వెతికానే. ముక్కు అమ్మది. గడ్డం అమ్మది. కనుబొమ చూశాను. నీది కుడివైపు లేచి ఉంది. గోడ మీద నాది ఎడమవైపు లేచి ఉంది. ఇది ఎవరి పోలికా కాదు, వట్టి వంకర అనుకున్నాను. నా పోలికని ఎదురుగా పెట్టుకుని, రాలేదు రాలేదు అని ఊరంతా చాటాను. ఒక్క చాటింపుకీ నువ్వు ఎదురు చెప్పలేదు."

"నాకు మాత్రం ఏం తెలుసు నాన్నా. నేనూ నమ్మాను."

ఆ నాలుగు ముక్కలకి ఆయన కళ్ళలోంచి, ఇన్నేళ్ళూ రంగు ఆరకుండా కాపాడుకున్న తడి అంతా కారిపోయింది. ముఖం దాచుకోలేదు. అద్దంలో ఆ పెద్దమనిషి ఏడుస్తుంటే ఎలా ఉంటాడో అదీ చూస్తూనే ఉన్నారు, పనివాడు కదా.

కనుబొమని తాకి చూసుకుందామని చెయ్యి ఎత్తారు. అద్దంలో చూస్తూ ఎత్తడంతో చెయ్యి దారి తప్పి చెవి దగ్గరికి పోయింది. సరిచేసుకోబోతే ఇంకా అవతలికి పోయింది. కాన్వాసు మీద వెంట్రుకవాసి తప్పని చెయ్యి, సొంత ముఖం మీద దిక్కు తెలియక గాల్లో వెతుక్కుంది. అమ్మాయి వంగి ఆ చెయ్యి పట్టుకుంది.

"అటు కాదు నాన్నా. ఇటు."

మెల్లగా తీసుకొచ్చి కనుబొమ మీద ఆనించింది. ఆయన వేలు ఆ వంపు పొడుగునా ఒకసారి నడిచింది. తర్వాత పైకి వెళ్ళి ఆమె కనుబొమని కూడా తడిమింది. ఆ రెండో దారికి ఎవరి సాయమూ కావాల్సి రాలేదు.

"టైముంది నాన్నా. పోస్టరు దింపించి నీవైపు పెట్టించనా?"

"వద్దు. ఊరికి తెలిసినవాణ్ణి ఊళ్ళో ఉండనీ. లోపల గోడల మీద ఉన్నవాళ్ళు అద్దానికి తెలిసినవాళ్ళు. వాళ్ళూ నేనే. ఇద్దరినీ ఒకసారి కలవనీ." ఆయన ముక్కు తుడుచుకున్నారు. "సంతకం మాత్రం నేనే పెడతాను. నిచ్చెన తెప్పించు. నా సంతకం పక్కన నీ గీత కూడా వెయ్యి. ఈసారి అడిగే వేయిస్తున్నాను. వేస్తావా?"

ఆమె తలూపింది.  బాబాయి ముఖం గుమ్మం వైపు తిప్పుకుని, "నిచ్చెన నేను చూస్తాను," అంటూ గ్రంథాలయం హాలుకి పరుగెత్తాడు. ఇన్నాళ్ళ తప్పులు దిద్దే ఉద్యోగంలో ఆ రోజే ఆయనకి కళ్ళు మసకబారాయి.

పొద్దు వాలింది. ఇస్త్రీ చేసిన చొక్కా తొడుక్కుని నాన్నగారు మళ్ళీ వచ్చి ఆ స్టూలు మీదే కూర్చున్నారు. కూతురు పక్కన నేల మీద కూర్చుంది. ఇద్దరూ మూలలోకి చూస్తున్నారు. అమ్మ ఫోను పట్టుకుని వచ్చింది.

"మీ తమ్ముడు. జనం వచ్చేశారట. నిచ్చెన కూడా వచ్చిందట. మీ కోసం అందరూ కాచుకుని ఉన్నారు, మిమ్మల్ని చూడాలట. బయల్దేరండి."

నాన్నగారు అద్దంలోంచి చూపు తిప్పలేదు.

"వాళ్ళంతా నన్ను ఎన్నాళ్ళనుంచో చూస్తున్నవాళ్ళేనే. చూడనిది నేనొక్కణ్ణే," అన్నారు. "కాసేపు ఆగమని చెప్పు."